చేయి పట్టుకుంటే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

గుండె చికిత్స గదిలో స్పర్శ చేసే పని, చేయలేని పని

కాలి బొటనవేలు గడపకు ఠపీమని తగిలిందనుకోండి. ‘అబ్బా’ అనేలోపే చేయి అక్కడికి పోతుంది. గట్టిగా పట్టుకుంటాం, రుద్దుకుంటాం, కాసేపటికి మంట దిగుతుంది. ఆడుకుంటూ పడిపోయిన పిల్లాడి మోకాలు వాళ్లమ్మ రాస్తుంది. కడుపునొప్పి అంటే నాయనమ్మ పొట్ట నిమురుతుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పిన విద్య కాదు. కమిలిన చర్మం కమిలినట్టే ఉంది, వాచిన వేలు వాచినట్టే ఉంది. మరి నొప్పి ఎక్కడికి పోయింది?

ఈ చిన్న ప్రశ్నకు దొరికిన జవాబు ఇప్పుడు గుండె డాక్టర్లకూ పనికొస్తోంది. యాంజియోగ్రామ్‌కో, స్టెంట్‌కో బల్ల మీద పడుకున్న మనిషి భయాన్ని, నొప్పిని మందులతో పాటు మనిషి చేత్తో కూడా తగ్గించవచ్చా అని పరిశోధకులు పాతికేళ్లకు పైగా పరీక్షిస్తున్నారు. అందులో ఒక పెద్ద అధ్యయనానికి బీజం మన రాష్ట్రంలోనే పడింది. ఆ కథకు వచ్చే ముందు, రోగి పరిస్థితి ఏమిటో చూద్దాం.

తలుపు దాకా నలుగురు, తలుపు దాటాక ఒక్కరు

విజయవాడ సూర్యారావుపేట, గవర్నరుపేట వీధుల్లో ఏ ఉదయం నడిచినా ఆసుపత్రుల ముందు ఊళ్లకు ఊళ్లే కనిపిస్తాయి. అవనిగడ్డ నుంచి, గుడివాడ నుంచి, కైకలూరు నుంచి, నది అవతల తెనాలి, రేపల్లె వైపు నుంచి వస్తారు. రోగి ఒకరైతే వెంట నలుగురుంటారు. వరండాలో ఒకరు కాళ్లు నొక్కుతుంటారు, ఒకరు వీపు రాస్తుంటారు, మరొకరు రిపోర్టుల సంచీ పట్టుకుని నిలబడతారు. ఇంతలో తలుపు తెరిచి “పేషెంటు తాలూకు ఎవరండీ?” అని పిలుస్తారు. కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. స్ట్రెచర్ లోపలికి పోతుంది. తాలూకు మనుషులంతా బయట ఆగిపోతారు.

లోపల కాత్ ల్యాబ్ చల్లగా ఉంటుంది. యంత్రాలు వేడెక్కకూడదు కాబట్టి ఏసీ గట్టిగానే పెడతారు. సన్నటి బల్ల, తల మీదుగా తిరిగే ఎక్స్‌రే యంత్రం, సీసపు ఏప్రాన్లు, మాస్కులు వేసుకున్న మనుషులు. రోగి ఒంటి మీద పచ్చ గుడ్డలు కప్పి కదలవద్దంటారు. అయితే నిద్ర పుచ్చరు. ఈ చికిత్సలో మనిషి మెలకువగానే ఉంటాడు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలి, ఛాతీలో నొప్పి వస్తే చెప్పాలి. పూర్తి మత్తు ఇస్తే దాని ప్రమాదాలు దానికి ఉంటాయి. అందుకే మణికట్టు దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్, అవసరమైతే కాస్త మగత కలిగించే మందు, అంతే.

బాక్స్: కాత్ ల్యాబ్‌లో అడుగడుగునా

• మణికట్టు దగ్గర ఇంజెక్షన్. చురుక్కుమంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆ చోటు మొద్దుబారుతుంది.
• మణికట్టు ధమనిలోకి ఒక పొట్టి గొట్టం. ఈ ధమని లోపలి వెడల్పు మామూలుగా రెండు నుంచి మూడు మిల్లీమీటర్లే. లోపలికి పోయే గొట్టం కూడా దాదాపు అంతే ఉంటుంది.
• అందులోంచి సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న క్యాథెటర్‌ను గుండె దాకా పంపుతారు. రక్తనాళం లోపలి పొరకు నొప్పి తెలియదు కాబట్టి ఇది కదులుతున్నట్టే అనిపించదు.
• రంగు మందు వదిలితే ఒళ్లంతా ఒక్కసారి వెచ్చబడుతుంది.
• బెలూన్ ఉబ్బించిన కొన్ని సెకన్లు ఆ నాళంలో రక్తం ఆగుతుంది. అప్పుడు ఛాతీ బిగబట్టినట్టు ఉండవచ్చు. బెలూన్ దించగానే సర్దుకుంటుంది.

మెలకువగా ఉండటమన్నది ఈ విద్యకు పుట్టుకతోనే వచ్చింది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు తన మోచేతి సిరలోంచి 65 సెంటీమీటర్ల గొట్టాన్ని తానే గుండె దాకా తోసుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లాడు. ఆ దారి తెరిచినందుకు 1956లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి గుండె రక్తనాళంలో బెలూన్ ఉబ్బించినప్పుడు కూడా రోగి మెలకువగానే ఉన్నాడు.

భయం రక్తనాళం దాకా ఎలా చేరుతుంది?

‘భయం మనసుకు సంబంధించినది, గొట్టం రక్తనాళానికి సంబంధించినది, రెంటికీ పొత్తేమిటి?’ అనిపించవచ్చు. పొత్తు గట్టిదే. వరుసగా చూడండి.

భయం వేయగానే మూత్రపిండాల మీద కూర్చున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. అసలే రక్తం చాలక ఇబ్బంది పడుతున్న గుండెకు అదనపు చాకిరీ. ఇక మణికట్టు ధమని సంగతి. దాని గోడలో కండరం దట్టం. అడ్రినలిన్ తగిలిందంటే ఆ కండరం ఇట్టే బిగుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల దారి ఇంకా ఇరుకై గొట్టాన్ని పట్టేస్తుంది. లోపలి పొరకు నొప్పి తెలియకపోయినా, బిగుసుకున్న కండరం మాత్రం గట్టిగానే నొస్తుంది. నొప్పి వల్ల భయం పెరుగుతుంది, భయం వల్ల అడ్రినలిన్ పెరుగుతుంది, ధమని మరింత బిగుస్తుంది. ఒక్కోసారి ఆ చేతిని వదిలేసి తొడ దగ్గర నుంచి వెళ్లాల్సి వస్తుంది. సన్నటి మణికట్టు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఈ బిగుతు ఎక్కువ.

డాక్టర్లు దీనికి ధమనిని వదులు చేసే మందులు, మగత మందులు వాడతారు. అవి ఉండాల్సిందే. అయితే ఈ గొలుసును మొదటి లంకె దగ్గరే, అంటే భయం దగ్గరే, పట్టుకోగలిగితే మిగతా లంకెల మీద ఒత్తిడి తగ్గుతుంది. స్పర్శ పని చేసేది సరిగ్గా అక్కడే.

వెన్నులో ఒక రెగ్యులేటర్

దెబ్బ తగిలిన చోటి నుంచి కబురు మెదడుకు పోయే దారి ఒక్కటి కాదు. స్పర్శను మోసే లావు నరాల పోగులు వేరు, నొప్పిని మోసే సన్న పోగులు వేరు. లావు పోగుల్లో కబురు సెకనుకు సుమారు 35 నుంచి 75 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. లాగుతున్నట్టుండే మొండినొప్పిని మోసే పోగుల్లో అది సెకనుకు మీటరు అటూ ఇటూ నడుస్తుంది. వేలికి దెబ్బ తగిలినప్పుడు ముందు ‘తగిలింది’ అని తెలిసి, ఒక క్షణం ఆగి అసలు నొప్పి మొదలయ్యేది ఇందుకే.

ఈ రెండు రకాల పోగులూ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. అక్కడ ఏం జరుగుతుందో 1965లో కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్ ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. దాన్ని ‘గేట్ సిద్ధాంతం’ అంటారు. బెజవాడ వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర నదిలో ఎంత నీరుందన్నది ఒక సంగతి, ఏలూరు కాలువకో బందరు కాలువకో ఎంత వదిలారన్నది వేరే సంగతి. రెగ్యులేటర్ దగ్గర తలుపు ఎంత ఎత్తితే కాలువకు అంతే నీరు. నొప్పీ అంతే. గాయం దగ్గర పుట్టిన కబురంతా మెదడుకు చేరదు. వెన్నుపాములోని చిన్న నాడీ కణాలు ఆ తలుపును ఎత్తుతూ దించుతూ ఉంటాయి. లావు పోగుల మీదుగా స్పర్శ కబుర్లు వరదలా వచ్చాయంటే అవి తలుపును కిందికి దించుతాయి. నొప్పి కబురు పలచబడుతుంది. గడపకు తగిలిన వేలిని రుద్దుకున్నప్పుడు మనం చేసింది ఇదే.

అప్పట్లో వాళ్లు గీసిన నాడుల పటంలో కొన్ని వివరాలను తర్వాతి పరిశోధనలు సవరించాయి. మూల ఆలోచన మాత్రం నిలిచింది. ఫిజియోథెరపీ వాళ్లు నడుము మీద ప్యాడ్లు అంటించి చిన్న కరెంటు పంపే ‘టెన్స్’ యంత్రం ఈ ఆలోచన ఆధారంగానే వచ్చింది.

నిమరడానికి విడిగా ఒక నరం

రుద్దడం సరే, నిమరడం సంగతేమిటి? మెల్లగా వీపు రాస్తే కలిగే నెమ్మది, మోకాలు రుద్దుకున్నప్పటి ఉపశమనం ఒకటి కావు. దీనికి మన చర్మంలో ప్రత్యేకమైన ఏర్పాటే ఉంది.

1939లో స్వీడన్ శాస్త్రవేత్త యింగ్వే జోటర్‌మన్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, మృదువైన తాకిడికి స్పందించే సన్నటి, నెమ్మదైన పోగులను గుర్తించాడు. అవి మనుషుల్లోనూ ఉన్నాయని 1990ల్లో స్వీడన్‌లోనే తేలింది. అరచేతిలో ఇవి చాలా అరుదు. రోమాలుండే చర్మంలో, అంటే ముంజేయి, భుజం, వీపు మీద ఎక్కువ. 2009లో మరో విశేషం బయటపడింది. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే ఇవి బాగా పలుకుతాయి. అంతకంటే వేగంగా రుద్దినా, కదలకుండా పెట్టినా స్పందన తగ్గుతుంది. నిమిరించుకున్నవాళ్లు ‘హాయిగా ఉంది’ అని చెప్పిన వేగం కూడా సరిగ్గా అదే.

లెక్క వేసి చూడండి. మణికట్టు నుంచి మోచేతి దాకా పెద్దవాళ్లకు సుమారు పాతిక సెంటీమీటర్లు. సెకనుకు మూడు సెంటీమీటర్లు అనుకుంటే ఆ దూరం దాటడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఒకసారి మీ ముంజేతి మీదే ప్రయత్నించండి. మనం మామూలుగా రాసేదానికంటే ఇది ఎంత నెమ్మదో తెలుస్తుంది. నిద్రపోని బిడ్డ వీపు మీద తల్లి చేయి నడిచేది దాదాపు ఈ లయలోనే.

ఈ పోగుల కబురు వేరే చోటికి పోతుందనడానికి 2002లో ఒక అరుదైన సాక్ష్యం దొరికింది. కెనడాకు చెందిన ఒక మహిళకు జబ్బు వల్ల లావు పోగులన్నీ దెబ్బతిన్నాయి. చేతి మీద ఏం తగిలిందో, ఎటు కదిలిందో ఆమెకు తెలియదు. అయినా మెత్తటి కుంచెతో ముంజేయి నిమిరితే ఏదో హాయిగా ఉందని చెప్పగలిగింది. ఆ సమయంలో ఆమె మెదడులో వెలిగింది తాకిడిని గుర్తించే భాగం కాదు, శరీరం లోపలి స్థితిని, భావాలను పట్టించుకునే భాగం. అంటే ‘ఏమిటి తగిలింది’ అని చెప్పే నరాలు కొన్ని, ‘పర్లేదు, తోడున్నారు’ అని చెప్పే నరాలు కొన్ని.

ఎవరి చేయి అన్నదీ ముఖ్యమే

బ్యారేజీ దగ్గర తలుపులు కదిలించే లస్కర్లకు పై నుంచి ఉత్తర్వు వస్తుంది. వెన్నులోని తలుపుకూ మెదడు నుంచి ఉత్తర్వులు దిగుతుంటాయి. ప్రమాదం లేదని నమ్మకం కుదిరినప్పుడు మెదడు తన సొంత నొప్పినివారిణులను విడుదల చేస్తుంది. నల్లమందుకు చుట్టాల్లాంటి ఈ రసాయనాలను 1975లో స్కాట్లండ్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ గుర్తించారు. భయపడ్డప్పుడు ఉత్తర్వు తిరగబడి తలుపులు బార్లా తెరుచుకోవచ్చు. అందుకే ఒకే సూది ఒకరికి చీమ కుట్టినట్టు, మరొకరికి ప్రాణం పోయినట్టు ఉంటుంది.

2006లో అమెరికాలో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహిత మహిళలను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాక్ తగలవచ్చని హెచ్చరించింది. ఒంటరిగా ఉన్నప్పుడు మెదడులో బెదురుకు సంబంధించిన భాగాలు బాగా చురుగ్గా పనిచేశాయి. ఎవరో తెలియని మనిషి చేయి పట్టుకుంటే అది కొంత తగ్గింది. భర్త చేయి పట్టుకుంటే ఇంకా ఎక్కువ తగ్గింది. దాంపత్యం ఎంత బాగుంటే తగ్గుదల అంత ఎక్కువ. ఇందులో ఆసుపత్రులు గమనించాల్సిన మాట ఒకటుంది. తెలియని మనిషి చేయి కూడా ఉత్త చేయి కాదు.

పుట్టపర్తిలో పడిన బీజం

1991 నవంబరు 22న పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. ఖరీదైన గుండె చికిత్సలు ఉచితంగా చేసే ఆ ఆసుపత్రికి 1990ల్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి హృద్రోగ నిపుణుడు మిచెల్ క్రుకాఫ్, నర్స్ ప్రాక్టీషనర్ సుజాన్ క్రేటర్ వచ్చారు. అక్కడి రోగుల్లో, సిబ్బందిలో కనిపించిన ప్రశాంతత తమను ఆలోచనలో పడేసిందని క్రుకాఫ్ తర్వాత చెప్పారు. గొట్టాలు, బెలూన్లు రెండు చోట్లా ఒకటే. గదిలోని వాతావరణమే వేరు. దాని ప్రభావాన్ని కొలవగలమా?

తిరిగి వెళ్లాక వాళ్లు మొదలుపెట్టిన పరిశోధనకు ‘మంత్రా’ అని పేరు పెట్టారు. 2001లో 150 మంది రోగులతో చేసిన చిన్న అధ్యయనం వెలువడింది. తర్వాత అమెరికాలోని 9 కేంద్రాల్లో 748 మందితో పెద్ద అధ్యయనం చేసి 2005లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. అందరికీ మామూలు చికిత్స అందింది. సగం మందికి అదనంగా, చికిత్సకు ముందు మంచం పక్కనే సంగీతం వినిపించారు, నెమ్మదిగా ఊపిరి తీస్తూ నచ్చిన చోటును ఊహించుకోవడం నేర్పారు, శిక్షణ పొందినవారు చేతులు ఆనించి స్పర్శ చికిత్స ఇచ్చారు. విడిగా మరో లెక్కలో, సగం మంది కోసం వివిధ మతాల బృందాలు దూరం నుంచి ప్రార్థించాయి.

ఫలితం నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఆసుపత్రిలో తలెత్తే పెద్ద సమస్యలు, ఆరు నెలల్లో మళ్లీ చేరడం లేదా మరణించడం అన్న ప్రధాన లెక్కలో ప్రార్థన వల్ల గానీ, సంగీతం, ఊహ, స్పర్శల వల్ల గానీ తేడా రాలేదు. చికిత్సకు ముందు ఉండే ఆందోళన మాత్రం స్పర్శ బృందంలో స్పష్టంగా తగ్గింది. ఆ బృందంలో ఆరు నెలల మరణాలు తక్కువగా ఉన్నట్టు కూడా కనిపించింది గానీ, అది ప్రధాన లెక్క కాదు కాబట్టి దాని మీద భవనం కట్టకూడదు. పైగా సంగీతం, ఊపిరి, స్పర్శ మూడూ కలిపి ఇచ్చారు. ఏది ఎంత పని చేసిందో విడదీయలేం.

ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్ల తర్వాత మసాజ్ కథ కూడా ఇలాగే రెండు రకాలుగా ఉంది. 2010లో మేయో క్లినిక్ 113 మందితో చేసిన అధ్యయనంలో, ఊరికే విశ్రాంతి తీసుకున్నవారికంటే మసాజ్ చేయించుకున్నవారిలో నొప్పి, ఆందోళన, ఒళ్లు బిగుసుకోవడం తగ్గాయి. అంతకు ముందు ఏడాది 252 మందితో వెలువడిన మరో అమెరికన్ అధ్యయనంలో తేడా ఏమీ కనిపించలేదు. ఈ రంగానికి ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. మాత్రకు బదులు చక్కెర బిళ్ల ఇచ్చి పరీక్షించవచ్చు గానీ, మనిషికి తెలియకుండా మసాజ్ చేయలేం. నమ్మకం ఎంత, నరం ఎంత అన్నది పూర్తిగా తేలదు.

తొమ్మిదేళ్ల పాప పెట్టిన పరీక్ష

ఇక్కడ ఒక గీత గీయాలి. శరీరాన్ని ముట్టుకోకుండా, కొన్ని అంగుళాల ఎత్తులో చేతులు కదిపి ‘ప్రాణశక్తి’ని సరిచేస్తామనే పద్ధతులున్నాయి. మన ఊళ్లలోనూ బోర్డులు కనిపిస్తాయి. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పాప బడి ప్రాజెక్టుగా దీన్ని పరీక్షించింది. మధ్యలో అట్ట అడ్డం పెట్టి, చికిత్సకులను రెండు చేతులూ రంధ్రాల్లోంచి చాపమంది. వాళ్ల చేతుల్లో ఒకదాని మీదుగా తన చేయి ఉంచి, ఏ చేతి దగ్గర ఉందో చెప్పమంది. 21 మంది, 280 ప్రయత్నాలు. సరిగ్గా చెప్పింది 44 శాతం. బొమ్మా బొరుసూ వేసినా ఇంతకంటే మెరుగే. 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది.

స్పర్శ వల్ల కలిగే మేలును వివరించడానికి కంటికి కనపడని శక్తులు అక్కర్లేదు. చర్మం, నరం, వెన్నుపాము, మెదడు చాలు. చేయి తగలాలి, అంతే.

బాక్స్: ఎక్కడ చేయి వేయకూడదు?

• ఛాతీనొప్పి మొదలైతే రాస్తూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పూడిన రక్తనాళం మసాజ్‌తో తెరుచుకోదు.
• గొట్టం వేసిన మణికట్టు, తొడ భాగాన్ని నొక్కకూడదు. రక్తం పలచబడే మందులు వాడతారు కాబట్టి గట్టిగా పిసికితే కమిలిపోతుంది.
• కాలు వాచి, నొస్తూ, వెచ్చగా ఉంటే ముట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి. లోపల గడ్డకట్టిన రక్తం కదిలే ప్రమాదం ఉంది.
• మెడ పక్కల నొక్కవద్దు. అక్కడి నాడులు గుండె వేగాన్ని ఉన్నట్టుండి తగ్గించగలవు.
• షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి కాపడాలు, గట్టి మర్దనా వద్దు.
• ముట్టుకునే ముందు అడగండి. అందరికీ అన్ని స్పర్శలూ ఇష్టం ఉండవు. ఇష్టం లేని చేయి భయాన్ని పెంచుతుంది.

మనకు కావలసింది ఎంత?

అమెరికాలో ఈ పనికి మనుషులను వెతికి, శిక్షణ ఇచ్చి తెచ్చుకోవాల్సి వచ్చింది. కృష్ణా డెల్టాలో ఆ చేతులు తెల్లవారుజాము బస్సుకే రోగితో పాటు దిగుతున్నాయి. వాటిని మనం తలుపు దగ్గర ఆపేస్తున్నాం. ఆపడానికి కారణాలున్నాయి. లోపల శుభ్రత కావాలి, ఎక్స్‌రే నడుస్తున్నప్పుడు దగ్గర నిలబడాలంటే సీసపు ఏప్రాన్ తప్పనిసరి. అందరినీ లోపలికి పంపమని ఎవరూ అడగరు.

అయితే రెండు పనులు చేయవచ్చు. ఒకటి, స్ట్రెచర్ లోపలికి పోయే ముందు రోగి ఎదురుచూసే చోట అయినవాళ్లలో ఒకరిని కూర్చోనివ్వడం. ఆందోళన తారస్థాయిలో ఉండేది అప్పుడే, ‘మంత్రా’లో తేడా కనిపించిందీ అప్పుడే. రెండు, లోపల ఒక నర్సుకో టెక్నీషియనుకో ‘ఈ కేసులో పేషెంటు చేయి నీది’ అని పని అప్పగించడం. చికిత్స మామూలుగా కుడి మణికట్టు నుంచి జరుగుతుంది, ఎడమ చేయి ఖాళీగానే ఉంటుంది. మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు, బెలూన్ ఉబ్బించేటప్పుడు ఆ చేయి పట్టుకుని, ఏం జరగబోతోందో ఒక్క మాట చెబితే చాలు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు.

స్పర్శ పూడికను తీయదు, స్టెంట్‌కు ప్రత్యామ్నాయం కాదు, ఆయుష్షు పెంచుతుందని రుజువు లేదు. ఆ గంటలో మనిషి పడే వేదనను తగ్గించగలదు, అంతవరకు నమ్మవచ్చు. కాబట్టి మీకో, మీ ఇంట్లోవాళ్లకో యాంజియోగ్రామ్ రాస్తే, ఖర్చు, మందులు, ఆరోగ్య పథకం వివరాలతో పాటు డాక్టరును ఇంకో ప్రశ్న కూడా అడగండి: “లోపల చేయి పట్టుకోవడానికి ఎవరైనా ఉంటారా అండీ?” అడగడానికి మొహమాటపడవద్దు.